హద్దురాళ్లని నేను రాసిన రాళ్లు

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది. అడవి అంచున నిలబడి ఉన్న పదిహేడు రాళ్లను చూసి, అవి పాత అడవి హద్దురాళ్లని నివేదికలో రాశాను. అవి హద్దురాళ్లు కావు. చనిపోయిన మనుషుల పేరున వాళ్ల వాళ్లు నిలబెట్టిన రాళ్లు. నా పక్కనున్న మనిషి అవి మన శాఖ పాతిన రాళ్లు కావని చెప్పాడు. ఎదురుగా ఉన్న ముసలామె అంతకంటే ఎక్కువే చెప్పింది. ఇద్దరి మాటా విన్నాను. వినే రాశాను. ఆ ఒక్క వాక్యం వల్ల ఆమె మూడెకరాల చేను పోయింది.

ఖమ్మం, భద్రాచలం మధ్య మండలాల్లో ముప్పై ఏళ్లకు పైగా సర్వేయర్‌గా పనిచేసి రిటైరయ్యాను. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి నా అనుభవాలు చెప్పమంటారు. ఏ ఊళ్లో ఎన్నేళ్లు చేశాను, ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది అన్నవి వాళ్లకు ఉపయోగపడవు. ఉపయోగపడేది ఈ తప్పే. అందుకే దాన్ని ముందు పెట్టాను.

ముందు అంచు చూడు

సర్వేయర్ అంటే భూమి కొలిచేవాడని అందరూ అనుకుంటారు. సగం పనే అది. మిగిలిన సగం పాత కాగితం చదవడం. మన దగ్గర ఒక్కో ఊరికి రెండు మూడు కాలాల నక్షాలు, అంటే ఊరి పటాలు, ఉంటాయి. నిజాం కాలం నాటివి గుడ్డ అంటించిన దళసరి కాగితం మీద, ఉర్దూ రాతతో ఉంటాయి. మడత పడిన చోటల్లా ఊరి పేరు అరిగిపోయి ఉంటుంది. తర్వాతివి తెలుగు నక్షాలు. ఇప్పుడు ఉపగ్రహం తీసిన బొమ్మలు.

మా మొదటి ఇన్‌స్పెక్టర్ గారు వీటిని ఒకదాని మీద ఒకటి పెట్టి చూడటం నేర్పారు. అద్దం కింద బల్బు పెట్టి, పైన పాత నక్షా పరిచి, దాని మీద పల్చని కాగితంతో కొత్త నక్షా గీయించేవారు. కదలని గుర్తులు మూడు పట్టుకోమనేవారు. గుట్ట కొస, మూడు ఊళ్లు కలిసేచోటి రాయి, వాగులోని పెద్ద బండ. వాగును నమ్మొద్దు, వాగు జరుగుతుంది. రోడ్డును అసలే నమ్మొద్దు.

మొదటిసారి అలా చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. బడి ఆవరణ ఉన్నచోట కింది కాగితంలో వల్లకాడు. బస్సులు ఆగేచోట ఎవరివో నాలుగిళ్లు. రోజూ నేను టీ తాగే కొట్టు కింద ఒక చిన్న కుంట. కింద ఉన్నవాళ్లు ఖాళీ చేసిపోయినట్టు ఉండదు. మనమే వాళ్ల మధ్యలో చూసుకోకుండా తిరుగుతున్నట్టు ఉంటుంది.

"ఊరిని తర్వాత చూద్దువు గాని, ముందు అంచు చూడవయ్యా" అనేవారు ఇన్‌స్పెక్టర్ గారు. నక్షా అంచున సన్నటి అక్షరాల్లో ఏ గుర్తుకు ఏది అర్థమో రాసి ఉంటుంది. గీసినవాడు మనతో మాట్లాడేది అక్కడే. ఉర్దూ నాకు రాదు. ఎవరి చేతనైనా చదివించుకోవాల్సింది. ఉద్యోగంలో కుదురుకున్నాక అది దండగ పని అనిపించింది.

కల్లూరు వైపు ఒక ఇల్లు

ఆయన దగ్గర పనిచేసే రోజుల్లో కల్లూరు వైపు ఒక ఊళ్లో మాస్టారొకరు కొత్త ఇల్లు కట్టుకున్నారు. ఒక గది గోడ మాత్రం ఎన్నిసార్లు పూసినా పగులుతోంది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ గది నేల కింద ఎవరో అడుగు వేసినట్టు చప్పుడు వస్తోందని ఆయన భార్య చెప్పింది. శాంతులు చేయించారు. చప్పుడు ఆగలేదు. పక్కింటివాళ్లు సరిహద్దు జరిపారని కూడా మాస్టారికి అనుమానం. అందుకే మమ్మల్ని పిలిచారు.

ఇన్‌స్పెక్టర్ గారు కొలతల జోలికి పోలేదు. పాత నక్షా తీసి పరిచారు. అందులో ఊరి బండ్ల బాట నేరుగా వచ్చి, ఆ ఇల్లున్న చోట అర్ధచంద్రంలా వంగి, మళ్లీ నేరుగా పోతోంది. మధ్యలో ఏ గుర్తూ లేదు.

"బాట ఊరికే వంగదు" అన్నారాయన. "బండి తోలేవాడికి చుట్టు తిరిగి పోవడం సరదానా?"

ఆ గదిలో బండలు లేపించారు. కింద మోట బావి. ఎప్పుడో మట్టితో పూడ్చారు, ఆ మట్టి కుంగిపోయింది. పల్చని పొర మీద గది, రెండు నిలువుల లోతున నల్లటి నీళ్లు. పై నుంచి రాలిన మట్టిపెళ్లలు ఆ నీళ్లలో పడుతున్న చప్పుడే ఆవిడ విన్నది. సరిగ్గా ఆ పైనే వాళ్లు మంచం వేసుకుని పడుకుంటున్నారు. మాస్టారి భార్య గుమ్మం పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. మేస్త్రీ మాత్రం తొంగి చూసి, "పంతులు గారూ, ఇగ బోరుతో పని లేదు మీకు. మంచమ్మీద కూసొనే తోడుకోవచ్చు" అన్నాడు.

నక్షాలో గీసినదాన్ని అందరూ చూస్తారు. గీయకుండా వదిలినదాన్ని చూడటం కష్టం. ఈ పాఠం నాకు అంత తొలిరోజుల్లోనే దొరికింది. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

వాగు అవతల

అటవీ హక్కు పత్రాల కోసం దరఖాస్తులు వచ్చిన కాలం అది. సారపాక వైపు జామాయిల్ కట్టె మోసే లారీలు తిరిగే రోడ్డు దిగి, లోపలికి పోతే వాగు ఒడ్డున చిన్న గూడెం. అక్కడి ముత్తమ్మ అనే ఆమె వాగు అవతల మూడెకరాల చేను తమ తాతల నాటి నుంచీ చేసుకుంటున్నామని దరఖాస్తు పెట్టింది. ఆ చోట పూర్వం జనం ఉన్నట్టు ఏమైనా ఆధారం ఉందా, చేను అడవి హద్దుకు లోపలా బయటా అన్నది నేను చెప్పాలి.

పాత నక్షాలో ఆ చోట చిన్న చిన్న చదరాలు ఉన్నాయి. ఇళ్ల గుర్తులు. పక్కన ఒక ఉర్దూ మాట. చదరాలకు కొంచెం దూరంలో వరుసగా చుక్కలు. తర్వాతి నక్షాలో అవేవీ లేవు. అంతా అడవి రంగే.

నా వెంట కొలత గొలుసు పట్టే చైన్‌మన్ యాకయ్య వచ్చాడు. నాకంటే పెద్దవాడు, మాట తక్కువ మనిషి. వాగు దాటి కొంచెం నడిచేసరికి చెట్ల మధ్య రాళ్లు కనిపించాయి. మనిషి నడుమెత్తు ఉన్నవి కొన్ని, ఛాతీ దాకా ఉన్నవి కొన్ని. వరుసగా నిలబడి, అన్నీ చేను వైపే కొంచెం వంగి ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం. వాగు ఇవతల అరుస్తున్న పిట్టలు అక్కడ లేవు.

"దొరికినయ్ యాకయ్యా. హద్దురాళ్లు" అన్నాను.

యాకయ్య గొలుసు భుజం మీంచి దించలేదు. "ఇవి మన రాళ్లు కావు సార్."

"ఎట్ల చెప్తవ్?"

"మన రాయికి తల చదునుగ చెక్కి ఉంటది. మీద గుర్తుంటది. వీటికేది? ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. హద్దురాళ్లు గిట్ల మనుషుల లెక్క ఉంటయా?"

"గుర్తులు అరిగిపోయి ఉంటయ్ లే. గొలుసు పట్టు."

"పడ్త. కని రాళ్ల మీంచి పట్ట. పక్కకెంచి పడ్త."

నేను విసుక్కున్నాను. ఒక రాయికి ఎండిన తాడులాంటిది చుట్టి ఉంది, కొసన కుచ్చు. ముట్టుకుని చూశాను. అది ఆవుతోక. మేపడానికి వచ్చినవాళ్లెవరో కట్టి ఉంటారని సరిపెట్టుకున్నాను.

రాళ్లు లెక్కపెట్టాను. పోయేటప్పుడు పదిహేడు. తిరిగి వచ్చేటప్పుడు పద్దెనిమిది. మళ్లీ లెక్కపెడితే పదిహేడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో రాళ్ల లెక్క తప్పడం నాకు అదొక్కసారే.

తల తిప్పితే చేను గట్టున ముత్తమ్మ. ఎప్పుడు వచ్చిందో తెలియదు. బక్కపల్చని మనిషి, చేతిలో కొడవలి.

"ఆళ్లను లెక్కబెట్టకు సారూ" అంది.

"ఎవరిని?"

"నిలబడ్డోళ్లను. లెక్కబెడితే ఆళ్లకు మంచిగనిపియ్యది."

ఎవరు నిలబడ్డారమ్మా అని ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. ముసలామె, ఇంటి భాష కూడా వేరు, ఏదో అంటోంది అనుకున్నాను. పైగా ఫోన్ మోగింది. అప్పటి నా పై అధికారి సాయంత్రంలోగా నివేదిక పంపమన్నారు. ఆయన మీద నెట్టేయడం తేలిక. కానీ ఆయన తొందరగా రాయమన్నారే గాని అబద్ధం రాయమనలేదు.

అసలు కారణం వేరే ఉంది. కాగితం మీద చుక్కల వరుస, నేల మీద రాళ్ల వరుస, రెండూ అచ్చంగా కలిశాయి. సర్వేయర్‌కు అంతకు మించిన సంతోషం ఉండదు. నా తప్పు ఆ సంతోషంలో ఉంది. రెండూ కలిశాయి కాబట్టి నేననుకున్నదే నిజమని తేల్చుకున్నాను. ఇళ్ల చదరాలను, తర్వాతి నక్షాలో లేవు కదా అని పక్కన పెట్టేశాను. పిల్లలూ, మీకు కలవనప్పుడు ఎలాగూ మళ్లీ చూస్తారు. కలిసినప్పుడు కూడా ఒకసారి ఆగండి.

"రాళ్ల వరుస పాత అడవి హద్దు. దరఖాస్తుదారు చేను హద్దుకు లోపల ఉన్నది. పూర్వపు జనావాసం ఆనవాళ్లు లేవు" అని రాసి సంతకం పెట్టాను. దరఖాస్తు తిరస్కరించారు. ఆ తర్వాతి ఎండాకాలం అటవీ శాఖవాళ్లు నా గీత వెంబడి మిషన్‌తో హద్దు కందకం తవ్వారు. తవ్వినవాళ్ల తప్పు లేదు. గీత నాది.

కరీం సాబ్ చదివిన అంచు

రిటైర్మెంట్‌కు కొన్ని నెలల ముందు పాత నక్షాలన్నీ స్కాన్ చేసే పని నాకు అప్పగించారు. ఆ ఊరి నక్షా మళ్లీ చేతికి వచ్చింది. ఈసారి తొందర లేదు. ఆ ఉర్దూ మాట ఏమిటో చూద్దామనిపించి, కాపీ తీసుకుని ఖమ్మంలో పుస్తకాల బైండింగ్ చేసే కరీం సాబ్ దగ్గరికి పోయాను. పాత దస్తావేజులు చదవాలంటే ఊళ్లో అందరూ ఆయన దగ్గరికే పోతారు.

కళ్లద్దాలు తుడుచుకుంటూ ఆయన నవ్వారు. "ఇన్నేండ్లు వీటి మీదనే బతికిన్రు కదా సర్వేర్ సాబ్. ఒక్కసారన్న చదివించుకోలే?"

"గీతలు చదువుతం కరీం సాబ్. రాత రాదు."

"అరె వాహ్. సర్కారీ నౌకరీ అంటే గదే. చదవకుంట సంతకం పెట్టుడు."

ఆయన వేళాకోళానికే అన్నారు. నాకు గుచ్చుకుంది.

చదరాల పక్కనున్న మాట చూపించాను. "బేచిరాగ్" అని చదివారు. "చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టే మనిషి లేని ఊరు. ఊరు ఉండె, జనం లేచిపోయిన్రు అని రాసిండు."

"ఈ చుక్కలు?"

"వాటికి అంచుల రాసి ఉంటది, ఆగున్రి." భూతద్దం తెచ్చి కింది అంచు మీద పెట్టారు. కాసేపు పెదాలు కదిలించి, నెమ్మదిగా తెలుగులో చెప్పారు. "చనిపోయిన వారి రాళ్లు. పదకొండు."

"ఎన్ని?"

"పదకొండు. సాఫ్ రాసిండు. మంచి దస్తూరీ."

ఆ అంకె కాపీ వెనకాల రాసి, పక్కన పదిహేడు అని వేశాను. నక్షా గీసేనాటికే ఊరు ఖాళీ. అప్పుడు రాళ్లు పదకొండు. నేను చూసిన నాటికి పదిహేడు. దీపం లేని ఊళ్లో ఆరు రాళ్లు పెరిగాయి. అంటే జనం మాయమైపోలేదు. పక్కకు జరిగి, పోయినవాళ్లను మాత్రం తెచ్చి అక్కడే నిలబెడుతూ వచ్చారు. ముత్తమ్మ కుటుంబం అక్కడివాళ్లేనని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆ సాక్ష్యం ఎదుట నిలబడి, దాన్ని లెక్కపెట్టి, దాన్నే ఆమెకు అడ్డం పెట్టాను.

ముత్తమ్మతో

అప్పటికే రిటైరైన యాకయ్యను వెంటబెట్టుకుని గూడెం పోయాను. ముత్తమ్మ లేదు. చేను పోయినప్పటి నుంచి చండ్రుగొండ వైపు మిరప ఏరడానికి కూలికి పోతోందట. సాయంత్రం ఆటో దిగి వచ్చింది. వేళ్ల చివరలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టింది.

"ఏంది సారూ, మళ్ల కొలుస్తవా? ఇంకేం మిగిలింది?"

నేను తప్పు రాశానని చెప్పాను. ఆ రాళ్లు ఎవరివో ఇప్పుడు తెలిసిందని చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు, కోప్పడలేదు. తెల్లవారి రమ్మంది.

పొద్దున్నే ముగ్గురం వాగు దాటాం. కందకం రాళ్ల వరుసను కోసుకుంటూ పోయింది. ఐదు రాళ్లు అందులో పడి ఉన్నాయి, ఒకటి బోర్లా. అటు పక్కవి మాత్రం అలాగే చేను వైపు వంగి, కిందపడినవాళ్లను చూస్తున్నట్టు ఉన్నాయి. యాకయ్య చెప్పులు విప్పాడు. నేనూ విప్పాను.

ముత్తమ్మ ఒక్కొక్క రాయి దగ్గర ఆగి చెప్పింది. ఊళ్లో వరుసగా చావులయితే ఆ చోటు వదిలి వాగు ఇవతలికి వచ్చారట. అది ఆమె పుట్టకముందు. "ఆ పాత పదకొండు మా పెద్దోళ్లు. పేర్లు కొన్ని తెల్సు, కొన్ని తెల్వయ్. ఈ ఆరు నా ఎరుకల నిలబెట్టినయ్. ఈన మా మామ, దినాల నాడు కోసిన ఆవు తోకే ఈనకు కట్టినం. ఈమె మా అత్త, ఇప్పటికీ నా దిక్కే చూస్తది చూడు. ఈ పొట్టి రాయి నా మొగడు."

"చిన్నది పెట్టిన్రేందక్కా?" అన్నాడు యాకయ్య.

"మనిషే పొట్టి. రాయి పొడుగు పెడితే ఆళ్లు గుర్తుపడ్తరా?"

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి ధైర్యం తెచ్చుకుని, ఆ రోజు ఒకసారి లెక్కకు పద్దెనిమిది వచ్చాయని చెప్పాను.

"అప్పుడు నేను గూడ నిలబడే ఉన్న కద సారూ. నన్ను గూడ కలిపినవేమో" అంది. ఈసారి నవ్వలేదు.

తర్వాత చేసినవి

నా పాత నివేదిక తప్పని, తప్పు ఎక్కడ జరిగిందో, ఎందుకు జరిగిందో మూడు పేజీల్లో రాసి హక్కు పత్రాల కమిటీకి ఇచ్చాను. కరీం సాబ్ చదివిన అంచుకు తెలుగు ప్రతి జోడించాను. ముత్తమ్మ చెప్పిన పేర్లతో రాళ్ల వరుస పటం గీశాను. విచారణ రోజు ఒక అధికారి అడిగారు. "రిటైరయ్యే ముందు ఎందుకండీ ఇదంతా? మీ సర్వీసుకు మచ్చ కదా." మచ్చ ముందే పడింది, ఇప్పుడు కనిపిస్తోంది అంతే అన్నాను. ఆ తప్పుకు నా మీద శాఖాపరమైన చర్య తీసుకున్నారు. అది న్యాయమే.

పడిన రాళ్లను పడేసినవాడే లేపాలని గూడెం పెద్దలు అన్నారు. మిషన్ పెట్టొద్దన్నారు. యాకయ్యా నేనూ, గూడెం వాళ్లు తాళ్లు పట్టగా, రెండు రోజులు లేపాం. ఏ రాయి ఎటు చూడాలో ముత్తమ్మ చెప్పింది. కందకం ఆ మేరకు పూడ్చారు.

మళ్లీ సర్వే జరిగింది. అప్పటికి నేను రిటైరయ్యాను. కొత్త సర్వేయర్ కొలుస్తుంటే గొలుసు రెండో కొస పట్టుకుని నడిచాను. నోరు విప్పలేదు. ముత్తమ్మకు హక్కు పత్రం రావడానికి ఇంకో రెండు పంటకాలాలు పట్టింది. ఆ రెండు కాలాలూ ఆమె మిరప ఏరుతూనే ఉంది. ఆ రోజులు నేను తిరిగి ఇవ్వలేను.

పత్రం వచ్చిన రోజు పలకరించడానికి పోయాను. చేనులో కంది విత్తుతోంది. సాలు చివర ఆగి నన్ను అడిగింది.

"గిట్ల ఇంకెన్ని ఊర్లు రాసినవ్ సారూ?"

ఇంటికి వచ్చి నా పాత నివేదికల ప్రతుల కోసం దరఖాస్తు పెట్టాను. వచ్చాక ఒక్కొక్కటి చదివాను. "పూర్వపు జనావాసం ఆనవాళ్లు లేవు" అన్న వాక్యం ఇంకో ఏడు చోట్ల ఉంది. అన్నీ నా దస్తూరీయే. వాటిలో కొన్నిటికి నేను జీపు కూడా దిగలేదు.

ఏడింటి నక్షాలూ కరీం సాబ్ దగ్గరికి తీసుకుపోయాను. ఈసారి ఆయన హాస్యమాడలేదు. నాలుగింటి మీద అదే మాట ఉంది, దీపం లేని ఊరని.

మొదటిదానికి కిందటి నెల యాకయ్యా నేనూ పోయాం. రోడ్డు నుంచి చాలా లోపలికి. రాళ్లు లేవు, చేను లేదు, అడగడానికి మనిషి లేడు. బండ మీద వడ్లు దంచిన గుంతలు మూడు, వాటిలో వాననీళ్లు. బండ ఒక అంచు మనుషులు కూర్చుని కూర్చుని నునుపు తేలి ఉంది. ఆ నునుపు మీద యాకయ్య కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు. నిలబడే కొలిచి, ఉన్నది ఉన్నట్టు గీశాను. కింది అంచున, ఎవరైనా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో ఇలా రాసి మర్నాడు ఆఫీసులో ఇచ్చి రశీదు తీసుకున్నాను:

"ఇక్కడ ఊరు ఉంది. లేదని గతంలో రాసింది నేనే. ఈ ఊరివాళ్లు ఎటు పోయారో ఇంకా తెలియలేదు. చుట్టుపక్కల గూడేల్లో అడుగుతున్నాను."